చల్లారిన అన్నం ముందు ఆమెన్

మొన్న ఆదివారం మా మనవరాలు భోజనం ముందు ప్రార్థన మొదలుపెట్టి, నేను కళ్ళు మూసే లోపలే ఆమెన్ అనేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నా చెయ్యి అలవాటు కొద్దీ కంచం అంచు దగ్గరే ఆగిపోయింది. మా నాయన ప్రార్థనయితే అప్పటికి ఇంకా వానల దగ్గరే ఉండేది.

నాయన తాపీ మేస్త్రి. చిట్టమూరు దగ్గర మా ఊళ్ళో ఆయన చెయ్యి పడని గోడ తక్కువ. ప్రార్థన కూడా గోడ కట్టినట్టే చేసేవాడు, ఒక్క ఇటుక వదిలేవాడు కాదు. వానలు, ఇసుక, మేనత్త మోకాలినొప్పి, పక్కింటి గేదె ఈనడం, అన్నిటికీ స్తోత్రం చెల్లించాకే అన్నం. ఈలోగా చేపల పులుసు చల్లారిపోయేది. నేను ఒక కన్ను తెరిచి నా కంచంలో పడింది తలో తోకో చూసుకునేదాన్ని. చివర్లో అందరం ఆమెన్ అనాలి. ఒక్కరు అనకపోయినా ఆయన ముద్ద ముట్టేవాడు కాదు.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. అమ్మ రొయ్యల కంపెనీలో పనికి చేరింది. అయినా భోజనం ముందు ప్రార్థన ఆయనదే. కళ్ళు మూసుకుని "ఆ... ఊ..." అంటూ ఎంతసేపో మాటల్ని గొంతులో నలిపేవాడు. దేవుడికి స్తోత్రం చెబుతున్నాడో, నాకెందుకిలా చేశావని నిలదీస్తున్నాడో తెలిసేది కాదు. తెలియని దానికి ఆమెన్ ఎలా అనడం? పాస్టరుగారిని అడిగితే నాకు విశ్వాసం తక్కువంటారేమోనని భయం. నిజంగానే తక్కువేమోనని ఇంకో భయం.

కావలిలో కాలేజీలో చేర్పిస్తానని నాయన జబ్బు పడకముందే మాట ఇచ్చాడు. ఆ ఏడు కుదరదని అమ్మ తేల్చి చెప్పిన రోజు మధ్యాహ్నం, ప్రార్థన అయ్యాక నేను నోరు మెదపలేదు. నాయన కంచం ముట్టకుండా నావైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఆమెన్ అను మే. మీ నాయన తినకుండా కూసోనుండాడు," అంది అమ్మ.

"ఏం చెప్పినాడో తెలిస్తే గదమ్మా అనేది," అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నాకు అర్థం కావాలనేమో, ఈసారి ఒక్కో శబ్దాన్నీ విడదీసి, నుదుట చెమట పట్టేలా చెప్పాడు. ముగించి నావైపు చూశాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడోసారి కళ్ళు మూసుకోబోతుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఆమెన్ అన్నాను. అప్పుడు గానీ ఆయన ఎడమ చెయ్యి కంచంలోకి పోలేదు.

ఆయనకు మాట తిరిగి రాలేదు. మరుసటి ఏడు నేను కాలేజీలో చేరాను. అది ఆ ప్రార్థన వల్లనో, అమ్మ రెక్కల కష్టం వల్లనో చెప్పలేను, రెండూ ఒకటేనేమో కూడా తెలియదు. ఇప్పుడు నేను అప్పటి ఆయన వయసు దాటాను. నేను దేనికి ఆమెన్ అన్నానో ఇన్నేళ్ళయినా అంతుపట్టలేదు గానీ, నేను ఆ మాట అనేదాకా ఆయన ఆకలితో ఆగి కూర్చున్నాడన్నది మాత్రం, ఏళ్ళు గడిచేకొద్దీ దూరం కాకుండా దగ్గరికొస్తోంది.