ఎస్తేరక్క బండికి టర్బో ఇంజన్

ఒక పాత చిన్న కారు, దానికి అలవాటు లేని ఇంజన్, ఆ రెండింటికీ పెళ్ళి చేసిన నేను. ముగ్గురం కలిసి ఒకసారి మా అక్క రొయ్యల గుంటను ముంచబోయాం. గుంట ఎలాగూ నీళ్ళలోనే ఉంటుంది కదా, కొత్తగా ముంచేదేముందని మీరు అడగవచ్చు. చెబుతాను. నవ్వొచ్చిన చోట నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మా ఊళ్ళో అందరూ ఇప్పటికే నవ్వేశారు.

మా అక్క పేరు ఎస్తేరు. తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో ఆమెకొక రొయ్యల గుంట ఉంది. బావ కువైట్‌లో డ్రైవరు. వెళ్ళేముందు తన పాత హ్యాచ్‌బ్యాక్‌ను అక్కకు అప్పగించి వెళ్ళాడు. ఉప్పుగాలికి రంగంతా వెలిసి, అసలు అది ఏ రంగు బండో చెప్పడానికి కాగితాలు చూడవలసి వచ్చేది. నలుగురు ఎక్కితే వంతెన ముందు కాసేపు ఆలోచించుకునేది. అయినా మేత బస్తాలు మోయడానికీ, ఆదివారం చర్చికి పోవడానికీ అక్కకు అది చాలు.

అంతకుముందు పంటను వైట్ స్పాట్ తెగులు తుడిచిపెట్టింది. తెల్లారి గుంట దగ్గరికి పోయి చూస్తే ఒడ్డు వెంబడి రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. అక్క ఏడవలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, కూలీలతో పాటు తనూ దిగి వాటిని ఏరడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె మాట తగ్గిపోయింది. మళ్ళీ పంట వేస్తానని మాత్రం బావకు ఫోన్లో చెప్పింది. ఇది కూడా పోతే గుంట వదిలేస్తానని కూడా చెప్పింది.

నేను తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను. లైను మీద వచ్చే వస్తువుల్లో లోపాలు పట్టుకోవడం నా ఉద్యోగం. రోజంతా ఇతరుల తప్పులు ఏరే మనిషికి ఒక జబ్బు వస్తుంది. లోకంలో తప్పులన్నీ ఇతరులే చేస్తారని అనిపిస్తుంది. ఆ జబ్బు ముదిరిన రోజుల్లోనే అక్కకు ఏదైనా సాయం చేయాలని నాకు బుద్ధి పుట్టింది.

"అక్కా, కొద్ది రోజులు బండి నాకియ్యి. ఇంజన్ మార్చిస్తా."

"ఉండే ఇంజన్‌కి ఏమొచ్చింది?"

"ఏమీ రాలా. దానికి టర్బో లేదు."

"టర్బో అంటే?"

"ఇంజన్లోకి గాలిని బలంగా తోస్తాది. గాలి ఎక్కువ పోతే బలం ఎక్కువ. బస్తాలేసుకోని వంతెన మీద రయ్యిన పోవచ్చు."

"నాకు రయ్యిన పోవాల్సిన పనేముందిరా దానీ?" అంది అక్క. దానీ అంటే నేనే. కానీ తమ్ముడు ఆశగా అడుగుతున్నాడు కదా అని తాళం ఇచ్చింది. ఆమెకున్న ఒకే ఒక బలహీనత నేను.

చెన్నై పాత సామాన్ల యార్డులో, వెనక నుంచి లారీ గుద్దిన ఒక కొత్తరకం కారు దొరికింది. వెనక సగం అప్పడంలా ఉన్నా ముందున్న టర్బో ఇంజన్‌కు గీత కూడా పడలేదు. నెల్లూరులో మా స్నేహితుడు రఫీ అన్న షెడ్డుకు దాన్ని చేర్చాం. ఇంజన్ కూర్చోబెట్టే పనీ, వైరింగూ రఫీ అన్న చేశాడు. గాలి పైపులు బిగించే పని మాత్రం నేనే పట్టుబట్టి తీసుకున్నాను. "ఇది శుభ్రత తెలిసినోళ్ళు చెయ్యాల్సిన పనన్నా" అని ఆయనకే చెప్పాను. రఫీ అన్న నా వంక ఒకసారి చూసి టీ తాగడానికి పోయాడు.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. నిలబెట్టి ఉంచితే పిల్లి గురకలా మెత్తగా నడిచింది. నా ఛాతీ షెడ్డు తలుపుల్లో పట్టనంత పెరిగింది. అలాగే రోడ్డెక్కి, ఊరు దాటి, ఎక్సలేటర్ గట్టిగా తొక్కాను. బండి ముందుకు దూకబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, దగ్గి, నీరసించింది. కాలు తీస్తే మళ్ళీ మామూలే. తొక్కితే మళ్ళీ దగ్గు. నిలబడితే గుర్రం, నడిస్తే గాడిద.

అక్కడి నుంచి నా వైద్యం మొదలైంది. పెట్రోలు సరిగా అందడం లేదని పంపు మార్చాను. నిప్పు రవ్వ సరిగా పడటం లేదని ప్లగ్గులు మార్చాను. రఫీ అన్న వేసిన వైర్లన్నీ ఊడదీసి, అనుమానంగా చూసి, ఉన్నవి ఉన్నట్టే మళ్ళీ వేశాను. చివరికి ఆయన స్కానర్ తెచ్చి తగిలించాడు.

"గాలి ఒత్తిడి చాల్లేదంటా ఉండాది, దానీ."

"స్కానర్ పాతది కదన్నా. దాని మాట పట్టుకోబాక."

"పోనీ, గాలిని కొలిచే సెన్సార్ పోయిందేమో."

ఈ మాట నాకు నచ్చింది. సెన్సార్ ఎవరో చేసిన వస్తువు, కాబట్టి తప్పు అందులో ఉండటం న్యాయం. దాన్నీ మార్చాను. ఆ సాయంత్రం చల్లగాలిలో, ఒక్కణ్ణే, పెళ్ళికూతుర్ని మండపానికి తీసుకుపోతున్నంత మెల్లిగా బండి నడిపాను. దగ్గలేదు. జబ్బు నయమైందని ప్రకటించి అక్కకు ఫోన్ చేశాను.

సరిగ్గా అప్పుడే అక్క గుంటలో నీటికి రంగొచ్చింది. అంటే రొయ్య పిల్లలను వదలడానికి నీళ్ళు సిద్ధమని అర్థం. సీడ్, అంటే ఆ పిల్లలు, వాకాడు వైపు వాటిని పొదిగించే ఒక హేచరీ నుంచి రావాలి. వాళ్ళ వ్యాను చెడిపోయింది, రెండు రోజులు ఆగమన్నారు. నీళ్ళ రంగు రెండు రోజులు ఉంటుందో ఉండదో అని అక్క దిగులు పడింది.

"వ్యాను ఎందుకు, మన బండి ఉండాది కదా. ఏసీ ఉండాది, టర్బో ఉండాది" అన్నాను.

"నమ్మొచ్చునా?"

"నన్ను నమ్మక్కా."

ఆ మాట వినగానే మీరైతే వేరే వ్యాను చూసుకునేవారు. అక్క నమ్మింది.

తెల్లవారుజామున ఖాళీ బండితో హాయిగా పోయాం. హేచరీలో ఆలస్యమైంది. ఆక్సిజన్ నింపిన సంచుల్లో, నీళ్ళలో వెంట్రుక ముక్కల్లా కదిలే పిల్లలు. ఆ సంచులన్నీ అట్టపెట్టెల్లో పెట్టి వెనక సీటు మడిచి నింపారు. బయలుదేరేసరికి ఎండ ఎక్కింది. వెనక నీళ్ళ బరువు, ముందు పూర్తిగా పెట్టిన ఏసీ. కోట దాటి కొంచెం దూరం పోయామో లేదో, బండి దగ్గింది.

అక్క నా వంక చూసింది. నేను రోడ్డు వంక చూశాను.

మనిషి నడిచే వేగానికి మించి బండి కదలడం లేదు. ఒక సైకిలాయన వెనక నుంచి వచ్చి, మాతో సమానంగా కాసేపు తొక్కి, లోపలికి తొంగిచూసి, జాలిగా ముందుకు పోయాడు. తుమ్మచెట్టు నీడలో బండి ఆపాను. ఆపగానే ఇంజన్ మళ్ళీ మెత్తగా గురక పెట్టింది.

"ఇప్పుడు బాగానే ఉండాది కదరా?"

"నిలబడితే బాగుంటాదక్కా. పోతేనే."

అక్క వెనక్కి తిరిగి పెట్టెల వంక చూసింది. తర్వాత అడిగింది. "ఆ స్కానరో ఏందో ఏం చెప్పింది?"

"గాలి చాల్లేదని."

"నువ్వేం మార్చినావు?"

"పెట్రోలు పంపు... ప్లగ్గులు... సెన్సారు."

"రొయ్య నోరు తెరుచుకోని పైకొస్తే మనం ముందు గాలి చూస్తాము గానీ మేత మారుస్తామంట్రా? గాలొచ్చే దారి చూసినావా?"

చూడలేదు. ఆ దారి బిగించింది నేను. నేను బిగించినదాన్ని చూడవలసిన అవసరం ఉంటుందని నాకు తోచలేదు. ఇప్పుడు చూడాలంటే ఇంజన్ ఆపాలి. ఇంజన్ ఆపితే ఏసీ ఆగుతుంది. వెనక ఆ పెట్టెల్లో అక్క పంటంతా ఉంది.

అక్క దిగి, వేడికి కాలకుండా కొంగు మడిచి బానెట్ మీద వేసి, దాని మీద చేయి పెట్టి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ పిల్లల్ని కాపాడు. మా తమ్ముడు ఏం చేసినాడో వాడికి తెలీదు, నీకు తెలుసు. వాడికి చూపించు తండ్రీ" అని ప్రార్థించింది. తర్వాత తనే తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది.

అప్పుడే మోపెడ్ వెనక పెట్టె కట్టుకుని చేపలమ్మే ఒకామె వచ్చి ఆగింది. "ఏందమ్మా, సీడా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా తన పెట్టె తెరిచి ఐసు ముక్కలు కవర్లో వేసి అక్క చేతికిచ్చింది. "పెట్టెల మధ్యన పెట్టు. సంచులకి తగలనీబాక" అంది. ఆడవాళ్ళిద్దరూ పిల్లల పని చూస్తుంటే నేను బానెట్ ఎత్తి గాలి పైపు క్లిప్పు విప్పాను.

పైపు వంపులో తెల్లగా ఏదో కనిపించింది. వేలితో పట్టి లాగాను. వచ్చింది. ఇంకా లాగాను. ఇంకా వచ్చింది. రెండు చేతులూ పెట్టి లాగితే, నూనె మరకలతో, చంక దగ్గర చిరుగుతో, నా బనీను పూర్తిగా బయటికి వచ్చింది.

టర్బో బిగించే రోజు దుమ్ము పోకుండా పైపు నోట్లో గుడ్డ కుక్కాలనుకున్నాను. చేతికి గుడ్డ దొరక్క, ఒంటి మీది బనీను విప్పి కుక్కాను. శుభ్రత తెలిసినవాణ్ణి కదా. తర్వాత దాన్ని తీయడం మరచి పైపు బిగించేశాను. బనీను అంచు క్లిప్పు కింద నొక్కుకుపోయి జెండాలా వేలాడుతూ ఉంది. బండి నిలబడితే అది పక్కకు పడుకునేది. గట్టిగా తొక్కితే తెరచాపలా విచ్చుకుని గాలి మొత్తం ఆపేసేది. పాత స్కానర్ పాపం మొదటి నుంచీ నిజమే చెబుతోంది.

చేపలామె నా చేతిలోని బనీనునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏందబ్బయా, బండికి గూడా బనీనేసినావా?"

అక్క నవ్వింది. మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత అది కూడా చాలక, బండికి ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. గుంట ఒడ్డున చచ్చిన రొయ్యల్ని ఏరిన రోజు నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు. ఆ ఒక్క క్షణం నాకు నా బనీను మీద గౌరవం కలిగింది.

పైపు బిగించి బయలుదేరితే బండి నిజంగానే రయ్యిన పోయింది. ముత్తుకూరు దాటేదాకా అక్క తలుపు మీది పిడి వదలలేదు. గుంట దగ్గర సంచుల్ని నీళ్ళ మీద తేలేసి, లోపలి వేడీ బయటి వేడీ సమానమయ్యేదాకా గట్టు మీద కూర్చున్నాం. తర్వాత అక్క ఒక సంచి విప్పి, తెల్ల గిన్నెలో కాసిని పిల్లల్ని ముంచి ఎండకు ఎత్తి చూసింది. అడుగున కొన్ని కదలకుండా పడి ఉన్నాయి. మిగిలినవన్నీ గిన్నె అంచు వెంబడి ఎదురీదుతున్నాయి.

"ఉండాయి" అంది అక్క. ఆ ఒక్క మాట విని, గట్టు మీద ఉన్నవాణ్ణి ఉన్నట్టే బురదలో కూలబడ్డాను.

ఆ పంట నిలబడింది. మరీ గొప్పగా కాదు గానీ, గుంట వదిలేసే మాట మళ్ళీ రాలేదు. బండి తాళం అక్క నాకు మళ్ళీ ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె వంతెన ఎక్కే వేగం చూసి లారీలవాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు. పిల్లల్ని వదిలిన ఆ వారమే, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, దేవుడు తన పంటను ఎలా కాపాడాడో మొదటి నుంచి చివరిదాకా ఏదీ దాచకుండా చెప్పింది. చిరుగు ఎక్కడుందో కూడా చెప్పింది. సంఘమంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

అప్పుడే, ఆ బల్ల మీద తల వంచుకుని కూర్చుని, నేనొక ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ బండి ఇంజన్ విప్పినా ఒంటి మీద బనీను ఉండదు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కా మాత్రమే ఉంటుంది. చొక్కా ఆ పైపులో పట్టదు. కుక్కి చూశాను.