పన్నెండు శవాలు, ఒక నర్సు

ఉదయం ఆరూ నలభైకి జీపు నన్ను ఫిల్మ్ నగర్ కొండ మీద దించింది. ఏప్రిల్ నెల. చుట్టూ బండరాళ్లు, తుప్పలు. నీడకు ఒకే ఒక్క టార్పాలిన్, అదీ కెమెరా కోసం. నా సరంజామా ఒక ఇనప పెట్టె: దూది, గాజుగుడ్డ, టింక్చర్, థర్మామీటరు, బీపీ మిషను. తలమీద గంజి పెట్టిన టోపీ. కాళ్లకు తెల్ల బూట్లు. పది నిమిషాల్లో వాటి తెలుపు పోయింది.

తర్వాత సైన్యంలో చేరి ఇరవై ఏళ్లు నర్సుగా పనిచేశాను. మంచులో, ఎడారిలో. ఇప్పుడు మా కాలనీ వాళ్లు "మేడం, మీ మొదటి పోస్టింగ్ ఏ బోర్డరులో?" అని అడుగుతుంటారు. "ఫిల్మ్ నగర్" అంటాను. నవ్వుతారు. కానీ నిజమే. ఎనభైల చివర్లో, గుంటూరులో మూడేళ్ల నర్సింగ్ పూర్తిచేసి జూబ్లీ హిల్స్‌లో ఒక నర్సింగ్ హోంలో చేరాను. చేరిన పన్నెండో రోజున ఒక యుద్ధం సినిమా షూటింగుకు నన్ను పంపారు. పదిహేను రోజుల డ్యూటీ. మేట్రన్ గారి ఆర్డరు చిన్నది. "ముందు కళ్లతో చూడు, తర్వాతే చెయ్యి వెయ్యి. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నావు. కంప్లయింట్ వస్తే పెట్టె సర్దుకోవడమే."

మొదటి రోజు తొమ్మిదింటికే చూడకుండా చెయ్యి వేశాను. బాంబు పేలింది, పొగ లేచింది, ఒకాయన కడుపు పట్టుకుని పడిపోయాడు. చొక్కా నిండా రక్తం. పరిగెత్తి వెళ్లి, మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో గాయాన్ని నొక్కిపట్టాను. ఆయన ఒక కన్ను తెరిచి, "కితకితలైతున్నయ్ సిస్టరమ్మా. షాట్ నడుస్తున్నది" అన్నాడు.

మూడు గంటల ఏర్పాటు బూడిదలో పోసిన పన్నీరైంది. డైరెక్టర్ గారు చేతి మైకులోనే చెప్పారు, కొండంతా వినబడేలా. "కట్ చెప్పేదాకా ఈ అమ్మాయి పెట్టె దగ్గర్నుంచి కదలకూడదు. ఇంకోసారి ఫీల్డులోకి వస్తే వేరే నర్సుని పంపమంటాను." నాకు ఏడుపొచ్చింది. భోజనాల వేళ మేకప్ మేన్ గారు జాలిపడి దగ్గరికొచ్చారు. ఆయనది రాజమండ్రి. "అది రంగు కలిపిన పంచదార పాకం అండీ. చేతులు కడుక్కోండి, చీమలు పడతాయి" అన్నారు.

అక్కడ చావుకు ఒక పద్ధతి ఉంది. శవాలు పన్నెండు మంది. అందరూ కృష్ణానగర్ అద్దె గదుల నుంచి వచ్చే జూనియర్ ఆర్టిస్టులు. పడ్డవాడు కట్ వినేదాకా ఊపిరి కూడా దొంగతనంగా తీసుకోవాలి. కదిలిన శవానికి మర్నాడు పిలుపు ఉండదు. నా కితకితల ఆయన అందరికన్నా బాగా చచ్చేవాడు. అందుకే ఆయన్ని కెమెరాకు అందరికన్నా దగ్గరగా పడుకోబెట్టేవారు.

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం ఒంటిగంట. తీసేది మంచుకొండల సీను. బండల మీద మంచుకు బదులు ఉప్పు చల్లారు. శవాల ఒంటి మీద ఉన్ని యూనిఫారాలు. కెమెరాలో ఏదో ఇరుక్కుంది. "శవాలెవరూ కదలొద్దు" అని వాకీటాకీలో అసిస్టెంట్ డైరెక్టర్ గొంతు. నలభై నిమిషాలు గడిచాయి. కెమెరా మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. "ఆ ముందున్నాయన్ని చూసి నేర్చుకోండయ్యా. చావంటే అదీ" అని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు.

నేనూ చూశాను. పదకొండు మంది ముఖాల మీద చెమటకు మేకప్ కారిపోతోంది. ఆయన ముఖం ఎర్రగా, పొడిగా ఉంది. ఒక్క చుక్క చెమట లేదు. వడదెబ్బ అయితే ఆయన ప్రాణం పోతుంది. నటన అయితే నా ఉద్యోగం పోతుంది. ఇంటికెళ్లి అమ్మకు ఏం చెప్పాలా అనుకుంటూనే పరిగెత్తాను.

"మళ్లీ వచ్చేసిందండీ ఆవిడ" అంటోంది వాకీటాకీ. ఆయన నుదురు పెనంలా కాలుతోంది. పిలిస్తే పలకలేదు. చంకలో థర్మామీటరు పెట్టాను. నూట ఆరు.

"యూనిఫాం విప్పండి. నీళ్లు తెండి. హీరోగారి కూల్‌డ్రింకుల ఐసు మొత్తం ఇటు పట్రండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. పదకొండు శవాలూ లేచి పనిలో పడ్డాయి. మెడకింద, చంకల్లో ఐసు. ఒళ్లంతా తడిగుడ్డలు. ఇద్దరు అట్టముక్కలతో విసిరారు. ఇరవై నిమిషాలకు నూట రెండుకు దిగింది. జీపు ఎక్కిస్తుంటే ఆయన కళ్లు తెరిచాడు.

"కట్ చెప్పిండ్రా సిస్టరమ్మా?"

"నేను చెప్పాను, పడుకోండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారు నా పెట్టె పక్కన ఒక పెద్ద గొడుగు పాతించారు. వడదెబ్బ తగిలిన నాలుగో రోజుకు కితకితల ఆయన తిరిగొచ్చాడు. అప్పుడు శవాలన్నిటికీ నేనొక ఆర్డరు వేశాను. ఐదు నిమిషాలకోసారి, కెమెరాకు కనబడని చేతి చిటికెన వేలు నా వైపు లేపాలి.

"గట్లనే చేస్తం గానీ, చచ్చినోని వేలు లేస్తే నవ్వొస్తది గద" అన్నాడాయన.

"నవ్వితే మర్నాడు పిలుపుండదు" అన్నాను.

పదిహేనో రోజు సాయంత్రం ఐదింటికి పెట్టె సర్దుకుని కొండ దిగాను. నర్సింగ్ హోంలో మేట్రన్ గారు తలెత్తకుండానే, "షాట్ ఎన్నిసార్లు పాడుచేశావు?" అని అడిగారు.

"రెండుసార్లండీ."

"ఒకసారే అని విన్నాను" అన్నారు. ఆవిడ మెచ్చుకోలు అంతే. నాకు మాత్రం మెడల్ వచ్చినంత సంతోషమైంది.

ఆ కొండ మీద చివరి మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. తెల్లటి ఉప్పు మీద పన్నెండు మంది పడి ఉన్నారు. ఒకదాని తర్వాత ఒకటిగా పన్నెండు చిటికెన వేళ్లు నా వైపు లేచాయి. తర్వాత సరిహద్దు ఆస్పత్రుల్లో, హెలికాప్టరు దింపిన స్ట్రెచర్ల వరుస ముందు నిలబడ్డ ప్రతిసారీ నా చూపు ముందు చేతుల మీదికే పోయేది. కొన్ని వేళ్లు కదిలేవి. కదలని వాటి దగ్గర ఇంకో ఐదు నిమిషాలు ఆగేదాన్ని.