క్లాసు వేళ ఆగిపోయే మిషను

తాడేపల్లిగూడెంలో బాషా టైలరు కుట్టుమిషను సాయంత్రమయ్యేసరికి ఠక్కున ఆగిపోతుంది. కరెంటు పోయీ కాదు, దారం తెగీ కాదు. లోపలి గదిలో కూతురు సఫియాకి ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యే వేళ అది. "డాక్టరుగారు పిల్లని ఏదైనా అడిగితే మధ్యలో నా మిషను గోలేంటండీ?" అంటాడు, ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చినవాళ్ళతో. గొణుక్కున్నా సణుక్కున్నా వాళ్ళు బయట బల్ల మీద కూర్చోవలసిందే.

చిత్రమేమిటంటే, ఆ డాక్టరుగారు ఆ పిల్లని ఇంతవరకూ ఒక్క ముక్క అడిగి ఎరగరు.

సఫియా నీట్ రాసింది, సీటు రాలేదు. మళ్ళీ రాసింది, మళ్ళీ రాలేదు. తోటి పిల్లలు ఒకరు ఇంజినీరింగనీ, ఒకరు ఫార్మసీ అనీ తలో దిక్కు వెళ్ళిపోయారు. తల్లి షబానా కువైట్‌లో ఎవరింట్లోనో వంట చేస్తోంది, శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తుంది. ఇక సఫియాకి మిగిలిందేమిటి? పుస్తకాలు, ఫ్యాను, చెవుల్లో ఇయర్‌ఫోన్సు. అన్నం తింటూ పాఠం, బట్టలారేస్తూ పాఠం. పలకరించే మనిషి లేక ఒక్కోరోజు తన గొంతు తనకే కొత్తగా అనిపించేది.

అలాంటప్పుడు చేరింది ఈ క్లాసులో. డాక్టరు కావాలనుకునే పిల్లలకి, సీటు రాకముందే, ఆసుపత్రి పనెలా ఉంటుందో తెర మీద చూపిస్తారు. ఏలూరు నుంచి డాక్టర్ నిత్యానందం రోగి పక్కన కూర్చుని మాట్లాడుతుంటే, ఎక్కడెక్కడి పిల్లలో చిన్న చిన్న గళ్ళలోంచి చూస్తుంటారు. తెల్లకోటు తప్పనిసరి అన్నారు. ఇంకేం, బాషా చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పడేసి కూతురికి కోటు కుట్టాడు. తెరలో కనిపించేది నడుం పైభాగమేనని చెప్పినా వినకుండా మోకాళ్ళ దాకా కుట్టాడు, పిచ్చి తండ్రి.

పిలిచినప్పుడు తప్ప మైకు తెరవకూడదన్నది అక్కడి రూలు. సఫియాని ఎవరూ పిలవలేదు. గుండె చప్పుడు వినడం చూసింది, పుండుకి కట్టు మార్చడం చూసింది. చూసి చూసి ఒకరోజు ఏడుపొచ్చింది. కెమెరా ఆపుకుని మరీ ఏడ్చింది.

ఆఖరి క్లాసులో మాత్రం అందరూ రోగితో మాట్లాడాలన్నారు. సఫియా మనసులో ఒట్టు పెట్టుకుంది. రోగి మొహం చూసి నాలుగు మాటలు అడగగలిగితే మళ్ళీ నీట్ రాస్తుంది. నోరు పెగలకపోతే పుస్తకాలు మూటగట్టేసి డిగ్రీలో చేరిపోతుంది. ఇక అటో ఇటో ఆ రోజు తేలిపోవాలి.

ఆ రోజు తెర మీద కూర్చున్నది ఆకివీడు అవతల, కొల్లేటి ఒడ్డు పల్లె నుంచి వచ్చిన వీరరాఘవమ్మ. ఆయాసంతో బాధపడుతోంది. ప్రదీప్ అనే కుర్రాడు దగ్గు గురించి గడగడా అడిగేశాడు. ఆవిడ ఊఁ అంటే ఊఁ అంది.

"సఫియా, ఇప్పుడు మీరడగండమ్మా" అన్నారు డాక్టరుగారు.

సఫియా తెరకి దగ్గరగా జరిగింది. గొంతు వణకలేదు.

"నమస్తే అండీ. ఎక్కడ బాధగా ఉందండీ? ఎన్నాళ్ళ నుంచండీ? ఇంట్లో మీతో ఎవరుంటారండీ? మీ బాధ వాళ్ళతో చెప్పుకున్నారా?"

వీరరాఘవమ్మ పమిట సర్దుకుంటూ ఎటో చూస్తోంది.

"సఫియా? ఉన్నారామ్మా? లేనట్టుంది. సరే, పింకీ, మీరడగండి."

మైకు తెరవలేదు! ఇన్నాళ్ళూ మూసి ఉంచిన అలవాటు కొంప ముంచింది. గాభరాగా తెరిచేసరికి పింకీ మాట్లాడేస్తోంది. మళ్ళీ తన వంతు రాలేదు. చప్పట్లు కొట్టుకున్నారు, శుభాకాంక్షలు చెప్పుకున్నారు, ఒక్కొక్క గడీ మాయమైపోయింది.

ఇయర్‌ఫోన్సు లాగేసి, కోటుతోనే ముందుగదిలోకొచ్చింది. బాషా మిషను మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"మొత్తం విన్నానమ్మా. ఎంత బాగా అడిగావో!"

"వినాల్సినవాళ్ళు వినలేదు నాన్నా. మైకు తెరవలేదు నేను" అని బావురుమంది.

బాషా దారపు ఉండ అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత లేచొచ్చి, బేరానికొచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు.

"అయితే నన్నడగండి డాక్టరుగారూ."

"ఊరుకోండి నాన్నా."

"నిజంగానేనండీ. మెడ లాగేస్తోందండీ."

ఏడుపులోనే నవ్వొచ్చింది సఫియాకి. కళ్ళు తుడుచుకుని కోటు సర్దుకుంది. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"మా ఆవిడ కువైట్ వెళ్ళినప్పట్నుంచండీ. రాత్రిళ్ళు నిద్ర కూడా సరిగా పట్టదు."

ఇందులో వేళాకోళం లేదని ఆమెకి అప్పుడర్థమైంది. "ఇంట్లో మీతో ఎవరుంటారండీ?"

"మా అమ్మాయి ఉంటుందండీ."

"మరి తనతో చెప్పుకోలేదా?"

కూతురి చేతిలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్సు వైపు చూశాడు బాషా. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాటే చెబుతున్నట్టు అన్నాడు.

"రెండు మూడుసార్లు చెప్పానండీ. చెవుల్లో అవి ఉన్నాయి."

సఫియా అవి మిషను మీద పెట్టేసి, స్టూలు దగ్గరికి లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మొదట్నుంచీ చెప్పండి నాన్నా" అంది.