రాహుకాలంలో తెరుచుకోని కంప్యూటరు

మొన్న శుక్రవారం గుంటూరులో కంటి ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, నరసరావుపేటలో తాళం వేసి వచ్చిన మా ఇంటి కంప్యూటరును ఫోనులోంచి తెరిచాను. రెప్పపాటులో తెరుచుకుంది. ఎవరినీ బతిమాలవలసిన పని లేకపోయింది.

నేను మాచర్ల కాలేజీలో పాఠాలు చెబుతూ గది అద్దెకు తీసుకుని ఉన్న రోజుల్లో అది ఇంత సులువు కాదు. నా వ్యాసాలన్నీ ఇంటి కంప్యూటరులో ఉండేవి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంటి ఇంటర్నెట్ నంబరు మారిపోయేది గనుక, మా ఆవిడ కంప్యూటరు ఆన్ చేసి, కొత్త నంబరు ఫోనులో చదివి వినిపిస్తే తప్ప నేను మాచర్లనుంచి అందులోకి వెళ్లగలిగేవాణ్ణి కాదు. నంబరు అయ్యాక ఏం వండుకున్నానో అడిగేది. వంకాయ మాడిందంటే పడీపడీ నవ్వేది.

ఒక శుక్రవారం పన్నెండింటికి మాచర్లలో ఒక జ్యోతిష్కుడితో బహిరంగ చర్చ. రాహుకాలమంటూ రోజులో గంటన్నరకు విషం పూసే పంచాంగాన్ని ఎండగడుతూ నేను రాసిన వ్యాసమేమో ఇంట్లో ఉండిపోయింది. అది లేకుండా వేదిక ఎక్కితే నవ్వులపాలే. పదకొండింటికి ఫోన్ చేస్తే మా ఆవిడ ససేమిరా అంది.

“రాహుకాలం పొయ్యేదాకా నేను దాన్ని ముట్టుకోను. మీ హేతువాదం గంటసేపు ఆగలేదా ఏంది?”

అరిచాను, బతిమాలాను. ఫోను పక్కన పెట్టి ఎటో వెళ్లిపోయింది. కాసేపటికి పక్కింటి అక్కయ్య గొంతు వినిపించింది.

“మాకు రాహుకాలాలు లేవు తమ్ముడూ, శుక్రవారం ప్రార్థనకు పోతుంటే లాక్కొచ్చింది. నంబరు చెప్తా, రాసుకో.”

వెనకనుంచి మా ఆవిడ: “నేను ముట్టుకోలేదు, అది గుర్తుపెట్టుకోండి!”

చర్చలో చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ వ్యాసం నా చేతికి ఎలా వచ్చిందో మాత్రం సభకు చెప్పలేదు.

ఆవిడ పోయాక ఇంట్లో ఇన్వర్టరు పెట్టించాను, కంప్యూటరు ఆగదు. ఫోనులో యాప్ వచ్చింది, నంబరు అక్కర్లేదు. రాహుకాలాన్ని నేను ఇవాళ్టికీ ఒప్పుకోను, ఎవరితోనైనా వాదిస్తాను. కానీ మన తరం వాళ్లకు తెలుసు, దూరాన ఉండి ఇల్లు అందుకోవడమంటే అవతల ఒక మనిషి విసుక్కుంటూనైనా లేచి రావడం. ఇప్పుడు ఇల్లు ఏ వేళనైనా అందుతుంది, అవతల ఎవరూ లేవనక్కర లేదు. ఆసుపత్రిలో ఆ చిన్న తెర మీద నా వ్యాసాలన్నీ వరుసగా కనిపించాయి. ఒక్కటీ తెరవబుద్ధి కాలేదు.