గొళ్ళెం బాబాయ్, నేను తెరిచిన కిటికీ

మా గొళ్ళెం బాబాయ్‌కి ఒక్కటే జబ్బు. ఏదైనా తెరిచి కనిపిస్తే, అది మూసేదాకా ఆయన ప్రాణం కుదుటపడదు. సొరుగు కానీ, జిగురు సీసా కానీ, ఎదుటివాళ్ళ టిఫిన్ డబ్బా కానీ. నేను రెండో ముద్ద తీసుకునేలోపు మూత పెట్టేసేవారు. నిద్రలో తను నోరు తెరిస్తే అదీ మూసి పడుకుంటారని పిన్ని ఒట్టేసి చెప్పింది.

ఫోన్ సంగతి మరీ ఘోరం. మాట్లాడి పెట్టేసిన నిమిషానికి మళ్ళీ మోగేది.

"అమ్మాయ్, ఇందాక ఫోన్ సరిగ్గా పెట్టేశావా?"

"పెట్టకపోతే ఇప్పుడు మోగుతుందా బాబాయ్?"

"అదీ నిజమే. సరే, ఇదైనా సరిగ్గా పెట్టేయ్."

మా ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ల బాగోగులు ఆయనవి, వాటి మీద పుస్తకాలకు పేజీలు అమర్చి కట్టడం నాది. ఆయన రోజూ అందరికంటే గంట ముందు వచ్చేవారు. ముందురోజు వేసిన తాళం పడిందో లేదో చూసుకోడానికని మేం నవ్వుకునేవాళ్ళం.

ప్రెస్సుకు ఎవరెవరో పెన్‌డ్రైవుల్లో ఏవేవో ఫైళ్ళు తెస్తారు. వాటిలో వైరస్ ఉంటే కొంప మునుగుతుందని, బాబాయ్ నా కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్ ఇంకొకటి పెట్టారు. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారట. కొత్త ఫైలు ఏదైనా ముందు అందులో తెరిచి చూడాలి. లోపలి కంప్యూటర్‌కీ బయటిదానికీ మధ్య షేర్డ్ ఫోల్డర్ ఒకటి, రెండు గదుల మధ్య కిటికీలాగా.

"ఆ కిటికీ అవతల ఖాళీ ఫోల్డర్ ఒక్కటే పెట్టు. పని అవగానే మూసేయ్," అనేవారు. "నువ్వు అటు చూడగలిగితే, అటువాడు ఇటు చెయ్యి పెట్టగలడు."

నాకు బద్ధకం. రోజుకు ఇరవైసార్లు ఎవరు మూసి తెరుస్తారు? నా పనులన్నీ ఉన్న ఫోల్డర్నే కిటికీకి తగిలించి, బార్లా తెరిచి ఉంచాను. ఆయన చూసి మూసేవారు. ఆయన అటు తిరగ్గానే నేను తెరిచేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఎవరో తెచ్చిన కరపత్రం ఫైలు లోపలి కంప్యూటర్లో తెరిచాను. కరపత్రం రాలేదు. తెర మీద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిచ్చి అక్షరాలుగా మారిపోతున్నాయి. లోపలివే అనుకున్నాను. బయట చూస్తే నా ఫోల్డర్ కూడా అంతే. అందులోనే ఉంది బధిరుల బడి టీచరమ్మ నాలుగేళ్ళు కూర్చిన సైగల నిఘంటువు. ఐదు నెలలు కట్టిన పేజీలు, సోమవారం అచ్చుకెక్కాలి. "ఇంకోసారి ఎవరి పనైనా పోతే, పోగొట్టినవాళ్ళు కూడా పోతారు," అని ప్రెస్సు యజమానురాలు అమ్మగారు ముందే చెప్పి ఉన్నారు.

"బాబాయ్!" అని అరిచాను.

బాబాయ్ వచ్చారు. ముందు నెట్ తీగ పీకారు. తర్వాత కిటికీ మూశారు. ఆ తర్వాత, అలవాటు కొద్దీ, నా నీళ్ళ సీసా మూత కూడా బిగించారు.

"తిట్టండి బాబాయ్!"

"ఉండు, పని ఉంది."

లోపలి కంప్యూటర్‌ను తీసిపారేశారు. బయటిదాన్ని పూర్తిగా తుడిచి, మళ్ళీ సిద్ధం చేశారు. అప్పుడు అల్మరా తాళం తీసి, ఒక చిన్న హార్డ్ డిస్క్ తెచ్చి తగిలించారు. నిఘంటువు వచ్చింది, బొమ్మలతో సహా. ఆ పొద్దున నేను దిద్దిన పదకొండు పేజీలు తప్ప అన్నీ ఉన్నాయి.

"ఈ కాపీ ఎప్పుడు తీశారు?"

"పొద్దున్నే. రోజూ తీస్తాను, నీ ఫోల్డర్ ఒక్కటే. మిగతావాళ్ళు కిటికీ మూస్తారు కదా."

"అందుకా గంట ముందు వచ్చేది? అమ్మగారికి ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా!"

"చెప్తే నీ ఉద్యోగం పోయేది. పోనీ నిన్ను మారుద్దామా అంటే, దానికంటే గంట ముందు లేవడమే తేలికనిపించింది."

ఆ శనివారం ఆ పదకొండు పేజీలూ మళ్ళీ దిద్దాను. ఇంటికెళ్ళి ఆయనకు ఫోన్ చేశాను. "బాబాయ్, కిటికీ మూసే వచ్చాను."

"మంచిది తల్లీ," అని పెట్టేశారు.

మళ్ళీ మోగుతుందని ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. నన్ను నమ్మేశారన్నమాట! సంతోషంగానే ఉంది కానీ, ఏదో వెలితి. పది నిమిషాలు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక నేనే చేశాను.

"బాబాయ్, ఇందాక ఫోన్ సరిగ్గా పెట్టేశారా?"

"హమ్మయ్య, అడిగావా!" అన్నారాయన. "అడగకూడదని మీ పిన్ని ఇప్పటిదాకా నా ఫోన్ లాక్కుని కూర్చుంది."