క్యూబా సలాడ్‌కి తాలింపు

పండు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ, ఉప్పు, కాస్త నూనె. వీటితో ఒక మనిషి నోటికాడి కూడు ఎలా పోగొట్టుకోగలడో తెలుసుకోవాలనుంటే నన్నడగండి, అనుభవంతో చెబుతాను.

అప్పట్లో జెద్దాలో ఏసీలు బాగుచేసేవాణ్ణి. చల్లగాలి లోపలివాళ్లకి, మిద్దె మీది ఎండ నాకు. అలాంటి రోజుల్లో మా ముదీర్, అంటే మేనేజరు, ఇంట్లో వంటవాడు పని మానేశాడు. మర్నాడే క్యూబా నుంచి అతిథి వస్తున్నాడట. వాళ్ల దేశపు అవకాడో సలాడ్ చేసి మెప్పిస్తే వంటపని నీకేనన్నాడు ముదీర్. వంటగదిలో ఏసీ ఉంది. నేను ఆలోచించకుండా తలూపేశాను.

అవకాడో అంటే నాకు తెలిసింది తేనె పోసిన జ్యూసే. దానికి ఉల్లిగడ్డతో పొత్తేమిటో అంతుపట్టలేదు. ఫోన్లో వీడియో పెడితే ఒక క్యూబా పెద్దావిడ తన భాషలో ఏదో చెబుతూ ముక్కలు కోసింది, ఉల్లిగడ్డ పరిచింది, నిమ్మకాయ పిండింది, సీసాలోంచి నేరుగా నూనె పోసింది. వీడియో అయిపోయింది. మళ్లీ చూశాను. మళ్లీ అక్కడే అయిపోయింది.

అయోమయంగా మా గదిలో పెద్దవాడైన జగిత్యాల లింగన్నకి చూపించాను. నూనె పోసేచోట వీడియో ఆపి, నా వైపు జాలిగా చూశాడు.

"పచ్చినూనె ఎవలన్న తింటర్రా? కాగవెట్టింది కట్ చేసిండ్రు."

నిజమే కదా అనిపించింది. మీకైనా అనిపించేది.

మర్నాడు ముదీర్ వంటింట్లో నూనె కాగబెట్టాను. కాగిన నూనె ముందు ఊరుకునే చెయ్యి కాదు నాది. గది నుంచి పొట్లం కట్టుకెళ్లిన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వాటంతటవే అందులో పడిపోయాయి. ఆ తాలింపుని అవకాడో మీద గుమ్మరించి కలిపితే ముక్కలన్నీ ముద్దయ్యాయి. వేడి తగిలినందుకేమో, నోట్లో వేసుకుంటే చేదు. జ్యూసు గుర్తొచ్చి రెండు చెంచాల చక్కెర వేశాను. ఇక అదేమిటో నాకే తెలియలేదు.

అతిథి ఒక చెంచా తిన్నాడు. మొహం ఎర్రబడింది. రెండు గ్లాసుల నీళ్లు తాగి, నవ్వి, ముదీర్‌తో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. వంటపని ఖాయమనుకుని నేనూ నవ్వాను. ముదీర్ మాత్రం నవ్వకుండా దాన్ని హిందీలో నాకు చెప్పాడు.

"మీ ఇండియా పచ్చడి బాగుందట. సలాడ్ ఎప్పుడు తెస్తావని అడుగుతున్నాడు."

ఆ మర్నాడు మళ్లీ మిద్దెక్కాను. కాళ్లు కాలుతుండగా, నడినెత్తిన సూర్యుడి సాక్షిగా ఒట్టేశాను: ఈ జన్మలో నూనె కాగబెట్టను. కూరలకి తప్ప. పప్పుకి, చారుకి, పులిహోరకి కూడా తప్ప.