ముప్పై రెండో పేరు

ఐపీ పెట్టడానికి వచ్చినవాడు చెప్పేది వినేముందు వాడి పెళ్ళాం మెడ చూడమని మా సీనియర్ ప్లీడరు నాకు మొదటి నెలలోనే నేర్పారు. పసుపుతాడు కనిపించిందంటే గొలుసు ఎక్కడో భద్రంగా ఉందని అర్థమట. రాజమండ్రి కోర్టు వెనక మా చిన్న ఆఫీసుకి వచ్చేవి రెండే రకాల కేసులు. అప్పులు తీర్చలేమని చేతులెత్తేసేవాళ్ళ ఐపీలు, అంటే దివాలా పిటిషన్లు, అప్పులిచ్చినవాళ్ళు వాళ్ళ మీద పెట్టే చీటింగ్ కేసులు. పదేళ్ళు అవే చూసేసరికి, ఇంట్లో పాలు పోసేవాడు చెప్పే లెక్క కూడా నమ్మబుద్ధయ్యేది కాదు.

తొంభైల చివర్లో మండపేట దగ్గర ధాన్యం కమిషన్ వ్యాపారి ఒకడు మునిగిపోయాడు. రైతుల ధాన్యం మిల్లుకి తోలితే మిల్లువాడు డబ్బు ఎగ్గొట్టాడు. రైతులు ఇతని మీద కేసు పెట్టారు, పోలీసులు సబ్‌జైల్లో పెట్టారు. ఐపీ పిటిషన్‌కీ బెయిలుకీ అతని భార్య మా దగ్గరికి వచ్చింది. మెడలో పసుపుతాడు.

"గొలుసేదమ్మా?"

"అమ్మేశామండి."

మా గుమాస్తాని ఆవిడ చెప్పిన కంసాలి దగ్గరికి పంపాను. నిజంగానే అమ్మిందని కనుక్కుని వచ్చాడు. ఆ కంసాలి వీళ్ళకేమవుతాడో కూడా కనుక్కోమన్నాను.

"రేపు నేను మీ గుమాస్తానో కాదో కూడా ఎంక్వయిరీ చేయిస్తారండి మీరు," అని విసుక్కున్నాడు.

ఆవిడ తెచ్చిన అప్పులవాళ్ళ జాబితాలో ముప్పై రెండు పేర్లున్నాయి. ముప్పై ఒక్కరికి ధాన్యం తూచినట్టు కాటా చీటీలున్నాయి. చివరి పేరు ఎవరో కౌలు చేసుకునే ఆవిడది. ఇరవై బస్తాలు, చీటీ లేదు.

"చీటీ ఏదమ్మా?"

"ఆవిడెప్పుడూ అడగరండి. మా ఆయన మాట చాలంటారండి."

"మీ పుట్టింటివాళ్ళదీ ఇదే ఇంటిపేరు కదా?"

"మా ఊళ్ళో సగం మందిది అదేనండి. ఆవిడ మాకేమీ కారండి."

నాకు నవ్వొచ్చింది. సొంతవాళ్ళని అప్పులవాళ్ళుగా రాయించి, ఇల్లు అమ్మిన డబ్బులో వాటా మళ్ళీ వెనక్కి తెచ్చుకునేవాళ్ళని ఎంతమందిని చూశానో! అవతలి ప్లీడరు ఇది పట్టుకున్నాడంటే పిటిషనూ బెయిలూ రెండూ గల్లంతే. ఎర్ర పెన్నుతో ఆ పేరు కొట్టేశాను.

సంతకానికి జైలుకి వెళితే అతను జాబితా చివరిదాకా చదివాడు.

"ఆవిడ పేరు తీసేయకండి. ఆ ఇరవై బస్తాలూ కళ్ళం మీద నుంచి నేనే తోలించానండి."

"నీకు బెయిలు కావాలా, ఆవిడ పేరు కావాలా?"

ఇంకోసారి బతిమాలి చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. నా అనుమానమే నిజమైందనుకుని సంతోషంగా బయటికొచ్చాను.

బెయిలొచ్చింది. కోర్టు అతని ఇల్లు అమ్మించి, వచ్చిన డబ్బు ముప్పై ఒక్కరికీ పంచేసింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వ్యాపారి భార్య ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దావిడ కాళ్ళకి పొలం మట్టి ఇంకా ఆరలేదు.

"ఈవిడేనండి ఆ ఇరవై బస్తాలావిడ. పేరు మేం తీసేయలేదని మీరైనా చెప్పండి. మేం చెబితే నమ్మట్లేదండి," అంది వ్యాపారి భార్య.

ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. పెద్దావిడ ఆమె పక్కన నిలబడడానికి కూడా ఇష్టపడలేదు, గోడవైపు జరిగి నిలబడింది. బంధువులైతే అలా ఉండరు. నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. పంపకం అయిపోయింది, రుజువు చేద్దామంటే కాగితమూ లేదు. ఇవ్వడానికి నా దగ్గర నిజం ఒక్కటే ఉంది. ఫైలు తీసి ఎర్ర గీత చూపించాను.

"వీళ్ళు కాదమ్మా. నేనే కొట్టేశాను. ఆయన వద్దని బతిమాలాడు."

పెద్దావిడ ఫైలు వంక చూడనైనా లేదు. ముందు పసుపుతాడు వంక చూసింది, తర్వాత నా వంక.

"ఫీజు పుచ్చుకున్న ప్లీడరుగారు ఇంకేం చెబుతారు లెండి," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆవిడ చోట నేనున్నా అదే అనేవాణ్ణి.